నేర్పడం నాకెవరు నేర్పారు?

మొన్న మా పెద్దకోడలు చోడిజావ కాస్తూ ఉండలు కట్టించింది. ఇంట్లో చిన్నకోడలు పచ్చి బాలింత. వాళ్ళమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ కావడంతో ఈసారి పురుడు పోసే భాగ్యం మాకే దక్కింది. "పిండి ముందు చన్నీళ్ళలో కలుపుకోవాలని ఇన్నేళ్ళొచ్చినా తెలీదూ?" అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పక్కన నిలబడి, కాస్త పిండి చన్నీళ్ళలో జారుగా కలిపి, మరిగే నీళ్ళలో సన్నగా పోస్తూ గరిటె తిప్పాను. మర్నాడు అమ్మాయి తనే అలా చేసింది. జావ వెన్నలా వచ్చింది.

చూసిన మావారు, "నీ నోరు ఇంత మెత్తబడిందేమిటి?" అని నవ్వారు. నిజమే. ఒకప్పుడు నా నోటికి భయపడని ఆయాలు, నర్సులు మా చుట్టుపక్కల లేరు. దాన్ని అదుపులో పెట్టుకోవడం నాకు మా అమ్మా నేర్పలేదు, అత్తగారూ నేర్పలేదు. ఇరవైమూడేళ్ళ నర్సు ఒకమ్మాయి నేర్పింది. ఆ సంగతే మీతో చెప్పుకుందామని.

మాది ఆమదాలవలస. రైల్లో వెళ్ళేవాళ్ళకి ఈ పేరు అంతగా తెలియదు. మా స్టేషను బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది. అసలు శ్రీకాకుళం వెళ్ళాలంటే ఇక్కడ దిగి ఇంకో పది పన్నెండు కిలోమీటర్లు వెళ్ళాలి. ఇప్పుడు మూతబడిన చక్కెర మిల్లు నడిచే రోజుల్లో చెరకు బళ్ళు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండేవి. ఆ బళ్ళ మధ్యనుంచి సైకిలు నడిపించుకుంటూ, భుజాన సంచీతో పల్లెలకి పోయే ఏ.ఎన్.ఎం.ని నేను. 1990లో ఉద్యోగంలో చేరాను.

అప్పట్లో మా పల్లెల్లో కాన్పులు చాలావరకు ఇళ్ళలోనే. మంత్రసానులే దిక్కు. నాకు దొరికిన మంత్రసానిని ఊరంతా 'అప్ప' అనేవారు. చదువు లేదు గానీ చేతి వేళ్ళలో వెయ్యి కాన్పుల జ్ఞానం ఉండేది. నేను కంగారుపడి, "ఇంకా ఎంతసేపప్పా?" అంటే, "బేగి బేగి అంటే అవుద్దేటే అమ్మీ? కూకో. నడుం రాయి. ఆ గుంటకి గుక్కెడు నీల్లియ్యి" అనేది. 1992లో తల్లీబిడ్డల రక్షణ పథకం వచ్చాక ఆమెకి నేనే 'ఐదు శుభ్రాలు' చెప్పాల్సి వచ్చింది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డు మీద ఏ పొడీ పెట్టకపోవడం. "బొడ్డు మీద పసుపెట్టొద్దంటే ఎలాగే?" అని నాలుగు రోజులు పోట్లాడి, ఐదోరోజు నుంచి మానేసింది. టి.టి. ఇంజెక్షన్లూ, ఈ శుభ్రాలూ కలిసి పల్లెల్లో పురిటిగుడ్డుల్ని మింగే ధనుర్వాతాన్ని తరిమేశాయి. 2015లో మన దేశంలో తల్లులకీ పసికందులకీ వచ్చే ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినప్పుడు నాకు అప్పే గుర్తొచ్చింది.

ఇక మా చదువు సంగతి. మాకు నేర్పిన పద్ధతి అంతా అత్తగారి పద్ధతే. "ఇదీ తెలీదా? ఏం చదివావు?" అనేదే పాఠం. ఒకసారి ఒక శిక్షణలో, పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకి ఊపిరి ఎలా పోయాలో బొమ్మమీద చూపించారు. నలభైమందిమి. నేను వెనక వరసలో, ముందున్నావిడ జడ తప్ప ఏమీ కనబడని చోట నిలబడ్డాను. "అర్థమైందా?" అన్నారు. "అయిందండీ" అన్నాం అందరం. కాలేదని అంటే ఏమంటారో మాకు తెలుసు మరి!

ఆ రాత్రి

1993 వానాకాలం. నాగావళి ఒడ్డున ఒక పల్లె. అప్పకి జ్వరం, రాలేదు. తొలికాన్పు. కిరసనాయిలు లాంతరు వెలుగు. తెల్లవారుజామున మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. వేలాడిపోతున్నాడు. బొడ్డుతాడు పట్టుకు చూస్తే నా వేళ్ళ కింద టిక్ టిక్ మని కొట్టుకుంటోంది. అంటే గుండె ఆడుతోంది!

నేనేం చేశాను? కాళ్ళు పట్టి తలకిందులు చేశాను. అరికాళ్ళ మీద కొట్టాను. మొహాన చన్నీళ్ళు చల్లాను. ఇవన్నీ తప్పులని ఇప్పుడు ఎవరైనా చెబుతారు. తడి తుడిచి వెచ్చగా ఉంచాలి, తల సరిగా పెట్టాలి, నోరూ ముక్కూ చూసుకుని మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి. ఆ నిమిషాన్ని ఇప్పుడు 'బంగారు నిమిషం' అంటున్నారు. నేను ఆ బంగారాన్ని కాళ్ళు పట్టి ఊపడంలో పోగొట్టాను. చివరికి బొమ్మ గుర్తొచ్చి నోటితో ఊదాను. అప్పటికి నా వేళ్ళ కింద ఏమీ కొట్టుకోవడం లేదు.

అంతకన్నా పెద్ద తప్పు తెల్లారాక చేశాను. రిజిస్టరులో 'మృతశిశువు జననం' అని రాశాను. పుట్టాక పోయాడని రాస్తే పైవాళ్ళు అడుగుతారు. ఏం చేశావు, ఎలా చేశావు అని నలుగురిలో నిలబెడతారు. చచ్చి పుట్టాడంటే ఎవరూ అడగరు. ఆ తల్లికీ అదే చెప్పాను. ఆమె నన్నే ఓదార్చింది. "నువ్వేటి సేత్తావమ్మా, మా రాత" అంది.

చాలా ఏళ్ళు ఈ సంగతి మావారికి కూడా చెప్పలేదు.

నూట నలభై, నూట నలభై

రోజులు మారాయి. 2005లో ఆశా కార్యకర్తలు, జననీ సురక్ష యోజన వచ్చాయి. అదే ఏడాది ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 వాహనాలు మొదలయ్యాయి. ఇళ్ళలో కాన్పులు తగ్గి ఆస్పత్రులు నిండాయి. అయితే ఆస్పత్రి గుమ్మం దాటినంత మాత్రాన ప్రాణానికి భరోసా రాదు కదా! లోపలున్న మనిషికి పని రావాలి. ఆ పని తరగతి గదిలో కూర్చోబెడితే రాదని పెద్దలకీ తెలిసొచ్చింది. 2012 ప్రాంతంలో ఉత్తర కర్ణాటకలో, మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే బళ్ళారి జిల్లాతో సహా, అనుభవమున్న నర్సుల్నే ఊరూరా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి పంపి, అక్కడి నర్సుల పక్కన నిలబడి పని నేర్పించారు. కేంద్ర ప్రభుత్వం 2015లో 'దక్షత' అనీ, 2017లో 'లక్ష్య' అనీ కాన్పు గదుల బాగు కోసం కార్యక్రమాలు పెట్టింది. అప్పటికి సూపర్‌వైజరునైన నాకు, నెలకోసారి కొన్ని కేంద్రాలకి వెళ్ళి అక్కడి నర్సులకి చెయ్యి తిప్పి చూపించే పని పడింది.

నేనేమో చంకలో బొమ్మ, చేతిలో చెక్‌లిస్టు పట్టుకుని ఇన్‌స్పెక్టరులా వెళ్ళాను!

ఒక కేంద్రంలో ఈ అమ్మాయి. సన్నగా, మాట పైకి రానట్టు ఉండేది. కాన్పు ఎలా సాగుతోందో గీత గీసి చూసుకునే పార్టోగ్రాఫ్ కాగితాలు అడిగాను. ముత్యాల్లాంటి రాత. ఒకే పెన్ను. బిడ్డ గుండె లెక్క అరగంటకోసారి 140, 140, 140... పొద్దుటిదాకా 140! మనిషి గుండె ఏమైనా గోడగడియారమా? కాన్పు అయ్యాక కూర్చుని నింపేసిందని తెలిసిపోతోంది. ఆయా ముందర, స్వీపరు ముందర ఉతికి ఆరేశాను. "ఇది ప్రాణాలతో ఆట. ఇంకోసారి ఇలా చూశానంటే ఊరుకోను" అన్నాను. అమ్మాయి తల వంచుకుని నిలబడింది. బాగా బుద్ధి చెప్పానని సంతోషంగా బస్సెక్కాను.

మళ్ళీ నెల వెళ్ళి చూస్తే కాగితాలన్నీ మారిపోయాయి. 136, 142, 138, 144. భేష్ అనుకున్నాను. తీరా చూస్తే ఒక కాన్పు కాగితంలో బిడ్డ పుట్టిన టైము తర్వాత కూడా కడుపులోని గుండె లెక్క రాసుంది!

నా గుండె జారిపోయింది. నేను తిట్టి ఆ పిల్లకి నేర్పిందేమిటి? అబద్ధం ఇంకాస్త నేర్పుగా ఆడటం. 1993లో నేను రాసిన రిజిస్టరు కళ్ళముందు కదిలింది.

ఆ రోజు నేను వెనక్కి రాలేదు. రాత్రి డ్యూటీ అంతా ఆ కాన్పు గదిలో స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు కనిపించింది అసలు కథ. ఆ అమ్మాయి ఒక్కతే. ఒక పక్క నొప్పులు పడుతున్న మనిషి. ఇంకో పక్క పాము కరిచిందని ఒకర్ని తెచ్చారు. మధ్యలో కరెంటు పోయి, టీకాల ఫ్రిజ్ సంగతి చూడాలి. అరగంటకోసారి పొట్టమీద గుండె లెక్కపెట్టడానికి ఆమెకి ఉన్నవి రెండే చేతులు.

తెల్లవారుజామున కాస్త తెరిపి దొరికింది. ఆయా టీ తెచ్చింది. నేను గ్లాసు పట్టుకుని నాగావళి ఒడ్డు పల్లె కథ మొదలుపెట్టాను. కాళ్ళు పట్టి ఊపిందీ, రిజిస్టరులో రాసిందీ, ఆ తల్లి నన్ను ఓదార్చిందీ... అంతా. చెప్పేసరికి నా టీ చల్లారిపోయింది.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్ళి బీరువా సొరుగు లాగింది. ఊపిరి పోసే బ్యాగూ మాస్కూ కంపెనీ కవరులో అలాగే ఉన్నాయి. "మేడమ్, నాకిది పట్టుకోవడం రాదు. ట్రైనింగులో నా వంతు వచ్చేసరికి భోజనాల టైమైంది. తర్వాత అడగడానికి సిగ్గేసింది" అంది.

నా జడ వెనక వరసా, ఈ పిల్ల భోజనాల టైమూ ఒకటే!

చెయ్యి మీద చెయ్యి వేసి

ఆ రోజునుంచి చెక్‌లిస్టు సంచీలోంచి ఆలస్యంగా తీసేదాన్ని. ముందు బొమ్మ. వెళ్ళినప్పుడల్లా పదిహేను నిమిషాలు ఆట. బొటనవేలూ చూపుడువేలూ మాస్కు చుట్టూ, మిగతా మూడు వేళ్ళూ దవడ ఎముక మీద. భుజాల కింద చిన్న మడత గుడ్డ. తల మరీ వెనక్కి వాలకూడదు, మరీ ముందుకి ఒంగకూడదు. నొక్కితే ఛాతీ లేవాలి. లేవకపోతే మాస్కు సర్దు, తల సర్దు, నోరు చూడు. ఆయా పక్కన నిలబడి లెక్కపెట్టేది, నిమిషానికి నలభై అరవై మధ్య. పొందూరులో రాట్నం తిప్పడం నేర్పే ముసలమ్మల్ని చూశాను. ఏ ఉపన్యాసమూ ఉండదు. పిల్ల చేతి మీద తమ చెయ్యి వేసి నూలు తీయిస్తారు. తెగితే ముడేసి మళ్ళీ. సరిగ్గా అదే పద్ధతి.

చిన్న చిన్న సర్దుళ్ళు కూడా చేసుకున్నాం. బ్యాగు ఉండే బీరువా తాళం ఎవరి హ్యాండ్‌బ్యాగులోనో ఇంటికి వెళ్ళిపోయేది. కాన్పు బల్ల పక్కనే మేకుకి తాళంచెవి వేలాడదీశాం. తర్వాత తాళమే తీసేశాం. కాన్పవగానే తల్లికి ఇచ్చే ఆక్సిటోసిన్ చల్లగా ఉంటేనే పనిచేస్తుంది. అది ఫ్రిజ్‌లో ఏ గదిలో ఉందో ఆయాకి కూడా తెలిసేలా చేశాం. గుర్రపువాతం వస్తే పైకి పంపేముందు ఇవ్వాల్సిన మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు లెక్క గోడమీద పెద్దక్షరాలతో రాశాం. వంటింట్లో పోపులపెట్టె చేతికందేచోట పెట్టుకోమా? ఇదీ అంతే.

పార్టోగ్రాఫ్ సంగతేమిటంటారా? "కుదిరినప్పుడే చూడు. చూడలేకపోతే ఖాళీ వదిలెయ్యి. ఆ ఖాళీ నాకు కావాలి" అన్నాను. మర్నెల కాగితాల్లో ఖాళీలు కనిపించాయి. అవి చూపించే డాక్టరుగారితో మాట్లాడి, కాన్పు ఉన్న రాత్రి రెండో మనిషి ఉండేలా డ్యూటీలు మార్పించగలిగాం. 140, 140 అని నిండుగా ఉన్నంతకాలం ఆ అవసరం ఎవరికీ కనబడలేదు మరి!

అన్నట్టు, నేర్పడం ఒకవైపే సాగలేదు. ఒకరోజు నేను చేసి చూపిస్తూ బిడ్డ పుట్టగానే బొడ్డు కోయబోయాను. "మేడమ్, బిడ్డ బాగా ఏడుస్తుంటే ఒక నిమిషమైనా ఆగాలంటున్నారు కదా, మాయలోని రక్తం బిడ్డకి వెళ్ళాలని" అంది అమ్మాయి మెల్లగా. పాతికేళ్ళ అలవాటు! ఆగిపోయాను. ఆమె నన్ను నలుగురి ముందూ ఏమీ అనలేదు. నేను ఆమెని అన్నట్టు అనలేదు.

కొన్నాళ్ళకి ఒక రాత్రి రెండున్నరకి ఫోను. పొలికేక పెట్టినట్టు, "మేడమ్, ఏడ్చిందండీ!" అంది. తను ఏడుస్తోంది, వెనకాల పసిపిల్ల ఏడుస్తోంది. మేడ మీద పడుకున్న మావారు కంగారుగా దిగొచ్చారు. మర్నాడు వెళ్ళి రిజిస్టరు చూశాను. ఇలా రాసుంది: 'బిడ్డ ఏడవలేదు. బ్యాగు పెట్టాను. మొదటి అరనిమిషం ఛాతీ లేవలేదు. తల సరిచేశాక లేచింది. మూడో నిమిషంలో ఏడ్చింది.'

ఆ 'లేవలేదు' అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. ఎవరూ అడగకపోయినా తన తడబాటు తనే రాసుకుంది. పాతికేళ్ళ కిందట నేను రాయలేని వాక్యం అది.

ఇది మంత్రదండమా?

కాదు. ఆ మాటా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆస్పత్రుల్లో, దాదాపు లక్షన్నర కాన్పుల మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు. సగం చోట్ల కాన్పు చెక్‌లిస్టు ఇచ్చి, పక్కన నిలబడి చెప్పే మనుషుల్ని పెట్టారు. 2017లో ఫలితాలు వచ్చాయి. నర్సుల పనితీరు బాగుపడింది. మరణాలు మాత్రం తగ్గలేదు. చెప్పేవాళ్ళు రావడం తగ్గాక మంచి అలవాట్లు కూడా కొంత తగ్గాయి. అది చదివి రెండు రోజులు దిగులుపడ్డాను. ఆలోచిస్తే అర్థమైంది. నర్సుకి ఎంత పని వచ్చినా రక్తం, మందు, కరెంటు, రోడ్డు, పైన కోసే డాక్టరు లేకపోతే ఆమె చేతులేం చేస్తాయి? నేర్పేవాళ్ళు రెండుసార్లు వచ్చి ఫొటో దిగి వెళ్ళిపోతే ఏం నిలుస్తుంది?

అదే, నిలబడి నేర్పినచోట నిలబడింది కూడా. మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్ళకే పసికందుల సంరక్షణ నేర్పి, ఇంటింటికీ పంపి, వాళ్ళ వెన్నంటి ఉన్నారు. అక్కడ నెలలోపు పిల్లల మరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో ప్రపంచానికి చూపించారు. 2017లో మన కరీంనగర్‌లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి నర్సులకి పద్ధతిగా మంత్రసాని విద్య నేర్పడం మొదలుపెట్టాయి. అప్ప ఉంటే ముక్కున వేలేసుకునేది! లెక్కలు చూస్తే, 2018–20లో మన ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకి తల్లుల మరణాలు 45. దేశం మొత్తానికి ఆ లెక్క 97. సంతోషమే. కానీ ఆ 45 మందిలో ఒకరు మన వీధిలో మనిషైతే ఆ లెక్క మనకి ఏం ఓదార్పు?

ఇళ్ళలో పెద్దవాళ్ళకి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించండి. తేనె, చక్కెర నీళ్ళు వద్దు. మొదటిరోజు స్నానం చేయించకండి, తల్లి గుండెమీద వెచ్చగా ఉంచండి. బాలింతకి పథ్యమని అన్నం, నీళ్ళు తగ్గించకండి, పాలు ఇచ్చే మనిషికి కడుపునిండా కావాలి. మా చోడిజావా, ఆకుకూరా, పప్పూ, గుడ్డూ అన్నీ పెట్టండి. గుడ్డలు తడిసేలా రక్తం పోతున్నా, తలనొప్పితో చూపు మసకబారినా, మూర్ఛ వచ్చినా, బిడ్డ పాలు తాగకుండా మందంగా ఉన్నా, ఒళ్ళు చల్లబడినా పొద్దున చూద్దాం అనుకోకండి. 108కి ఫోను చేయండి. ఇంకొకటి... కాన్పు గదిలో నర్సు మీద కేకలెయ్యకండి. భయపడిన చేతులు వణుకుతాయి.

చివరిగా, ఆ తల్లి. ఆమె ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంటోంది. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దవాడు ఆటో నడుపుతాడు. కూరల దగ్గర కనబడినప్పుడల్లా పక్కనున్నవాళ్ళతో, "ఈయమ్మే ఆ రేత్రి నాకోసం తెల్లార్లూ ఉన్నాది" అని చెబుతుంది. నేను తలొంచుకుని వంకాయలు ఏరుకుంటాను.

ఎందరో నర్సులకి చెప్పాను, మీకూ చెప్పాను. ఆమెకి మాత్రం చెప్పలేదు. ఆమెకి చదువు రాదు. కోడలికి వచ్చు. ఇది అచ్చయితే ఆ పత్రిక వాళ్ళింటికి నేనే పట్టుకెళ్తాను. కోడలి చేత చదివించి, పక్కనే కూర్చుంటాను.